ఆ నీళ్లల్ల ఏముండె

గుట్టకింది తండా, డోర్నకల్ దగ్గర
ఆగస్టు 26

మమతక్కా,

ఉత్తరం చూసి ఎవరు రాశారా అనుకుంటావు. మన ఇద్దరి ఫోన్లూ పోలీసుల దగ్గరే ఉన్నాయి. కొత్తది కొనుక్కున్నా నీకు ఫోన్ చేయనని హెచ్‌ఆర్ వాళ్లు నా చేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఉత్తరం రాయకూడదని అందులో లేదు. రెండుసార్లు చదివి చూసుకున్నాను.

క్వార్టర్ ఖాళీ చేసి మా నాయిన దగ్గరికి వచ్చాను. పన్నెండేళ్లు ల్యాబ్‌లో పనిచేసి ఒక ట్రంకుపెట్టె, రెండు సంచులతో తండాలో దిగితే ఎవరూ ఏమీ అడగలేదు. టీవీలో అందరూ చూశారు కదా. తోళ్ల శుద్ధికి రసాయనాలు తయారుచేసే మన ఫ్యాక్టరీ, తెగిన కట్ట, వాగు పొడవునా పసుప్పచ్చని నురగ, తేలిన చేపలు.

నన్ను సస్పెండ్ చేసిన ఆర్డర్ కింద యూనిట్ హెడ్‌గా నీ సంతకం ఉంది. "వ్యర్థజలాల గుంట కట్ట బలహీనపడిన సంగతిని పై అధికారికి తెలియజేయడంలో కెమిస్ట్ విఫలమైనందున" అని రాసి ఉంది. ఫ్యాక్టరీ దగ్గర రేగొండలో బస్సెక్కింది మొదలు ఆ వాక్యమే చదువుకుంటూ వచ్చాను.

కట్ట తెగింది పదిహేడో తేదీ ఆదివారం పొద్దున్నే. అంతకు ముందు మంగళవారం నేను నీ గదికి వచ్చాను కదక్కా. నువ్వు ఫోన్‌లో ఉన్నావు. కూర్చోమని చెయ్యి చూపించావు. చెప్పులకు బురద ఉందని నేను కూర్చోలేదు. "అక్కా, పడమటి మూల కట్ట అడుగున పచ్చగ చెమ్మ దిగుతుంది. వాన తగ్గేదాక గుంటలకు నీళ్లు వదలొద్దు. ప్లాంటు ఆపాలె" అన్నాను. నువ్వు "చూద్దాం కళా" అన్నావు.

ఇక్కడే నాకు తికమకగా ఉంది. చూద్దాం అన్నావా, చూస్తాలే అన్నావా? చూస్తాలే అంటే పని నీది. చూద్దాం అంటే ఇద్దరిదీ. ఇద్దరిదీ అయితే నేను మళ్లీ బుధవారం రావాలి, గురువారం రావాలి. రాలేదు. అసలు నేను వచ్చానా, వద్దామనుకుని ల్యాబ్‌లోనే ఉండిపోయానా అని కూడా ఒక్కోసారి అనుమానం వస్తోంది. ఆర్డర్‌లో అంత గట్టిగా రాశారు మరి.

హన్మకొండ హాస్టల్‌లో నా పక్క మంచం నీదే. నువ్వు అబద్ధం ఆడవని నాకు తెలుసు. నేను వచ్చానో లేదో ఒక్క ముక్క రాయి.

కళావతి


భూపాలపల్లి
సెప్టెంబర్ 4

శ్రీమతి కళావతికి,

మీ ఉత్తరం అందింది. విచారణ నడుస్తున్నప్పుడు సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగితో నేను ఉత్తర ప్రత్యుత్తరాలు జరపడం సరికాదని కంపెనీ వకీలు చెప్పారు. కాబట్టి ఇది నా మొదటి జవాబు, చివరి జవాబు.

ఆ వారం కురిసిన వాన ఈ ప్రాంతంలో ఎన్నడూ కురవలేదు. జరిగింది ప్రకృతి వైపరీత్యం. మీరు చెప్పిన మంగళవారం నాకు గుర్తు లేదు. ఆ వారమంతా నా గదికి చాలామంది వచ్చారు.

మీకు జీతంలో సగం వస్తుంది. విచారణ ముగిసేదాకా ఓపిక పట్టండి. పత్రికల వాళ్లతో మాట్లాడకండి.

ఎండీ గణపతిరావుగారు హైదరాబాద్ నుంచి వచ్చి వెళ్లారు. కట్ట మీద పది నిమిషాలు నిలబడ్డారు. తెగిన చోటును కాదు, ఫ్యాక్టరీ వైపు చూస్తూ నిలబడ్డారు. "మన వాళ్లెవరికీ ఏం కాలేదు కదా" అని అడిగారు. లేదన్నాను. తర్వాత పత్రికల వాళ్లతో, "స్థానిక బృందం నుంచి మాకు ఏ హెచ్చరికా రాలేదు" అన్నారు. స్థానిక బృందం అంటే నేనే. ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. తల ఊపానట. టీవీలో చూస్తే తెలిసింది.

ఈ చివరి ముక్క ఎందుకు రాశానో తెలియదు. ఈ కాగితం చించెయ్యి.

మమత
యూనిట్ హెడ్


గుట్టకింది తండా
సెప్టెంబర్ 15

మేడం గారికి,

జవాబు వద్దన్నారు. అయినా రాస్తున్నాను. చించలేదు కూడా.

పోయిన సోమవారం వరంగల్ వెళ్లాను. సాలమ్మ అనే ఆమె గురించి మీరు వినే ఉంటారు. ఎర్రగుంటపల్లె ఆమె. కట్ట తెగిన పొద్దున బర్రెలను మళ్లించుకురావడానికి మోకాళ్ల లోతు వాగులో దిగింది. మూడు వారాలుగా అక్కడే దవాఖానలో ఉంది. నాకు చూడాలనిపించింది. ఎందుకని అడిగితే చెప్పలేను. వార్డు గుమ్మం దగ్గరికి వెళ్లి రెండుసార్లు వెనక్కి తిరిగాను.

ఆమె భర్త సోమనర్సయ్య చెరువులో చేపలు పట్టే మనిషి. నన్ను గుర్తుపట్టాడు. వాగు నీళ్ల కోసం సీసాలతో వాళ్ల ఊరికి వెళ్లేదాన్ని కదా.

"గీమె కంపెనిల నీళ్లు చూసే బిడ్డ" అని భార్యతో చెప్పాడు. తిడతాడనుకున్నాను. స్టూలు ఖాళీ చేసి కూర్చోమన్నాడు.

సాలమ్మ మొహం ఉబ్బిపోయి ఉంది. కాళ్లకు కట్లు. నా చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, నువ్వు నీళ్లు చూస్తవు గదా. ఆ నీళ్లల్ల ఏముండె? డాక్టరు రోజు గదే అడుగుతుండు. నాకేం ఎరుక? నీళ్లే అని చెప్తున్న."

మూడు వారాలుగా డాక్టర్లు మామూలు ఆమ్లంతో కాలిన పుండ్లకే మందు వేస్తున్నారు మేడం. డ్యూటీ డాక్టరు దగ్గరికి వెళ్లి, ఆ నీళ్లలో క్రోమియం ఉందని, అది చర్మంలోంచి ఒంట్లోకి దిగుతుందని, కిడ్నీలు పోతాయని చెప్పాను. ఆయన బల్ల సొరుగు లాగి ఒక కాగితం తీసి చూపించాడు. కంపెనీ నుంచి వచ్చిందే. "సాధారణ పారిశ్రామిక వ్యర్థజలం" అని ఒకటే ముక్క.

"ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే వేరేగా చూసేవాళ్లం కదమ్మా. ఇప్పుడు కిడ్నీలు సగం పోయాయి" అన్నాడు.

ఉద్యోగంలో చేరేటప్పుడు ఫ్యాక్టరీ రహస్యాలు బయటపెట్టనని సంతకం పెట్టాను. ఇప్పుడు చెప్పేశాను. అది తప్పైతే ఆర్డర్‌లో ఇంకో వాక్యం కలపండి.

ఆ కాగితం కింద ఎవరి సంతకం ఉందో చూడలేదు. డాక్టరు చూపించబోయాడు. తల తిప్పుకున్నాను. మంగళవారం మాట ఇక అడగను.

కళావతి


పాలకుర్తి
సెప్టెంబర్ 26

కళా,

నీ ఉత్తరం భూపాలపల్లికి వెళ్లి, అక్కడినుంచి తిరిగి ఇక్కడికి వచ్చింది. నన్ను సెలవు మీద ఇంటికి పంపారు. విశ్రాంతి తీసుకోమన్నారు. నా కుర్చీలో హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకాయన కూర్చున్నాడు.

సంతకం నాదే. నువ్వు చూసి ఉంటే నాకు ఈ వాక్యం రాయాల్సి వచ్చేది కాదు.

రెండో రోజు దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది, నీళ్లలో ఏముందని. నేను చెప్పబోయాను. పక్కన వకీలు కూర్చుని ఉన్నాడు. రిసీవర్ మీద చెయ్యి పెట్టి, "మేడం, పేరు చెబితే ఒప్పుకున్నట్టే. కాగితం పంపుతామనండి" అన్నాడు. కాగితంలో ఏం రాయాలో ఆయనే చెప్పాడు. నేను టైపు చేశాను. సాధారణ అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగాను. ఆగాను అన్నది నాకు బాగా గుర్తుంది. ఆగి ఏమనుకున్నానో మాత్రం ఎంత వెతికినా దొరకడం లేదు.

ఆ రోజు ఎండీగారు కూడా ఫోన్ చేశారు. "ఫ్యాక్టరీలో మూడు వందల కుటుంబాలున్నాయి. లీడర్ అంటే తన వాళ్లను కాపాడుకోవాలి మమతా" అన్నారు. ఆ మాట అప్పుడు చాలా గొప్పగా అనిపించింది. ఆ మూడు వందలలో నువ్వు లేవా అని నాకు తట్టలేదు. వాగు కింద ఉన్నవాళ్లు ఎవరి వాళ్లు అని కూడా తట్టలేదు.

నువ్వు వచ్చావు కళా. మంగళవారం పదకొండింటికి. నీ చెప్పుల బురద గుమ్మం దగ్గర ఆరిపోయి ఉంటే సాయంత్రం ఊడ్చే ఆమె తిట్టుకుంది. చూద్దాం అనే అన్నాను.

కానీ నేను ఊరుకోలేదు. ఆ మధ్యాహ్నమే హెడ్ ఆఫీసుకు మెయిల్ రాశాను. కట్ట పరిస్థితి, ప్లాంటు ఆపాల్సిన అవసరం, అన్నీ. వాళ్లే పట్టించుకోలేదు. ఇది నువ్వు నమ్మాలి. నేను చెప్పాను. పై వాళ్లే ఆపారు.

అన్న కొండల్ ఇక్కడ రాజకీయాల్లో ఉన్నాడు కదా. "నువ్వు నోరు ముయ్యి చెల్లె. ఎండీ మనోళ్లకు కావల్సినోడు. ఆర్నెల్లైతే అందరు మర్చిపోతరు" అంటున్నాడు. రోజూ అంటున్నాడు.

సాలమ్మ ఎట్లా ఉంది? నీకు తెలిస్తే రాయి.

మమత


గుట్టకింది తండా
అక్టోబర్ 9

అక్కా,

సాలమ్మ చనిపోయింది. పోయిన నెల ముప్పైన. నీ ఉత్తరం నాకు చేరేసరికి దినాలు కూడా నడుస్తున్నాయి. ఎర్రగుంటపల్లెకు వెళ్లాను, ఇంట్లోకి పోలేకపోయాను. బస్టాండు దగ్గరే నిలబడి తిరిగొచ్చాను.

నీ మెయిల్ సంగతి చదివి ఒక్కసారిగా గుండె తేలికపడింది. అది ఉంటే చాలక్కా. మనం చెప్పామని, వాళ్లు వినలేదని తేలిపోతుంది. ప్రభుత్వం వేసిన విచారణ కమిటీకి దాని నకలు ఇవ్వు. నీ లాప్‌టాప్ కంపెనీ తీసుకుంటే తీసుకుంది, హెడ్ ఆఫీసులో ఉంటుంది కదా.

అయితే నేను కూడా ఒకటి చెప్పాలి. మా నాయిన మాట వల్ల చెబుతున్నాను.

మా నాయిన దేవ్‌సింగ్ ముప్పై ఏళ్లు రైల్వేలో గ్యాంగ్‌మన్ అని నీకు తెలుసు. మొన్న భోజనాల దగ్గర, నీళ్లల్ల అంత విషముంటే నీకు ఎన్నడు తెల్వలేదా బిడ్డా అని అడిగాడు. తెలుసన్నాను. అప్పుడు తన సంగతి చెప్పాడు. మా భాషలో చెప్పింది నీకోసం తెలుగులో రాస్తున్నాను.

"ఒకనాడు గార్ల దిక్కు రైలుపట్టా మీద గీతలెక్క కనపడ్డది. పగులో కాదో తెల్వది. ఎర్రజెండ పాతి నిలబడ్డ. ఎక్స్‌ప్రెస్ ఆగింది. ఇంజనీరొచ్చి చూసి, ఏం లేదు, తుప్పు గీత అన్నడు. బండి ఆలస్యం చేసినవని మెమో ఇచ్చిండ్రు."

"మల్ల కనపడితే ఆపుతుంటివా?" అని అడిగాను.

"ఆపిన. ఇంకో రెండుసార్లు ఆపిన. ఒక్కసారే నిజం పగులు."

నేను జెండా పాతలేదక్కా. అంతకన్నా పెద్ద తప్పే చేశాను. మార్చి నుంచి రిజిస్టర్‌లో నేను రాసినవి నిజం అంకెలు కావు. పీహెచ్ ఏడు ఉంటే మంచినీళ్లు, తగ్గిన కొద్దీ ఆమ్లం. గుంటలో రెండున్నర ఉంటే ఆరున్నర అని రాశాను. క్రోమియం గడిలో వందో వంతు రాశాను. ఆరు దాటాలె మేడం అని ప్రొడక్షన్ వాళ్లు అనేవారు. నువ్వు ఎన్నడూ అనలేదు. నువ్వు సంతకం పెట్టేముందు అంకె వైపు చూసేదానివి. నా వైపు చూసేదానివి కాదు. దాంతో నాకు అర్థమయ్యేది.

నిజం అంకెలు వేరే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఎందుకు రాసుకున్నానో తెలియదు. ఏనాడైనా ఎవరికైనా చూపిద్దామనుకోలేదు. చూపించకూడదనీ అనుకోలేదు.

ఇప్పుడు దాన్ని ఇస్తే ముందు జైలుకు పోయేది నేనే. నీ మెయిల్ ఒక్కటి సరిపోతే నోట్‌బుక్ అవసరం ఉండదు. అందుకే తొందరగా నకలు తెప్పించు.

కళ


పాలకుర్తి
అక్టోబర్ 18

కళా,

నాలుగు రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి చించుతున్నాను.

ఆ మెయిల్ పంపలేదు.

రాసిన మాట నిజం. రెండు పేజీలు రాశాను, చాలా బాగా రాశాను. పంపే ముందు, రేపు ఎండీగారితో సమీక్ష ఉంది, అది అయ్యాక పంపుదాం అనుకున్నాను. ఆ సమీక్షలో రెండు యూనిట్లకూ నన్నే హెడ్‌గా ప్రకటిస్తారని ముందే తెలుసు. అంతకు ముందు ఏడాది ఒకాయన అలాంటి సమీక్షలోనే పైపుల తుప్పు సంగతి ఎత్తాడు. "మీకు చేతకాకపోతే చేతనైనవాళ్లు చాలామంది ఉన్నారు" అన్నారు ఎండీగారు. నెల తిరక్కముందే ఆయన సీటు ఖాళీ. అప్పటినుంచి ఆ బల్ల చుట్టూ ఎవరం సమస్య అనే మాట వాడలేదు.

బుధవారం నా పేరు ప్రకటించారు. చప్పట్లు కొట్టారు. గురువారం, శుక్రవారం అభినందనలు. శనివారం పెద్ద వాన. మెయిల్ డ్రాఫ్ట్‌లోనే ఉండిపోయింది. నిన్ను నమ్మించడానికి రాశానన్న మాటే పట్టుకున్నాను. పంపలేదన్న మాట వదిలేశాను. రాసేటప్పుడు నేను కూడా నమ్మాను. అదే నాకు భయంగా ఉంది.

ఇంకొకటి ఉంది. కట్ట ఎత్తు పెంచాలని నిరుడు ఫైలు పంపాను. అది నిజంగానే పంపాను. "వచ్చే ఏడు చూద్దాం" అని ఎండీగారు సొంత చేతి రాతతో రాసి తిప్పి పంపారు. దాని జిరాక్స్ నా దగ్గరుంది.

నాకు ఏమీ తేలడం లేదు. నేను చెప్పలేదు కాబట్టి ఆయనది తప్పు కాదా? ఆయన అలాంటివాడు కాబట్టి నేను చెప్పలేదా? ఆయన అలాంటివాడే అయినా నేను చెప్పి ఉండాల్సిందే కదా? ఒక్కోసారి ఆయనే దోషి అనుకుంటాను, హాయిగా ఉంటుంది. ఆ హాయి చూసి మళ్లీ అనుమానం వస్తుంది.

వచ్చే నెల ఆరున ఎర్రగుంటపల్లె బడిలో కమిటీ బహిరంగ విచారణ పెడుతోంది. వకీలు నాకు ఒక కాగితం పంపాడు, ఏం చెప్పాలో. నువ్వు వస్తావా?

మమత


పాలకుర్తి
నవంబర్ 24

కళా,

నువ్వు రాలేదు. నా ఉత్తరానికి జవాబు కూడా రాయలేదు. ఆ రోజు ప్రతి ఆటో చప్పుడుకూ బడి గేటు వైపు చూశాను. నిష్ఠూరంగా రాయడం లేదు. నీ స్థానంలో ఉంటే నేనూ వచ్చేదాన్ని కాదేమో.

జరిగింది జరిగినట్టు చెబుతాను. ఎనిమిదో తరగతి గదిలోని పిల్లల బెంచీలు బయటికి తెచ్చి వేశారు. ఊరంతా వచ్చింది. ఎండీగారు రాలేదు. ఆయన తరఫున వకీలు వచ్చాడు. నా పేరు పిలిచినప్పుడు చేతిలో రెండు కాగితాలున్నాయి, వకీలు ఇచ్చింది ఒకటి, నేను రాసుకున్నది ఒకటి. నిజం చెప్పాలంటే లేచి నిలబడేదాకా ఏది చదువుతానో నాకే తెలియదు. ఏదీ చదవలేదు. నోటికొచ్చినట్టు చెప్పాను. నువ్వు మంగళవారం వచ్చావని, నేను మెయిల్ పంపలేదని, దవాఖానకు వెళ్లిన కాగితం నేనే టైపు చేశానని, నిరుడు ఫైలు తిరిగొచ్చిందని. జిరాక్స్ ఇచ్చాను.

నీ అంకెల సంగతి చెప్పలేదు. అది నువ్వు చెప్పాల్సిన మాట.

చెప్పాక తిడతారనుకున్నాను, లేదంటే ఎవరైనా మెచ్చుకుంటారనుకున్నాను. రెండూ జరగలేదు. సోమనర్సయ్య లేచాడు.

"గప్పుడు చెప్తే మా సాలమ్మ వాగుల దిగకపోతుండె. గంతేనా అమ్మా?" అన్నాడు.

"గంతే" అన్నాను.

"దవాఖానల విషం పేరు చెప్తే బతుకుతుండె."

"బతికేదేమో."

"ఏమో అంటే?"

ఆయన కూర్చున్నాడు. తువ్వాల మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టాడు. వకీలు లేచి, ఇదంతా మేడం సొంత అభిప్రాయం, కంపెనీకి సంబంధం లేదన్నాడు.

మరునాడు నన్ను అరెస్టు చేశారు. కేసులో మొదటి పేరు నాది. పదమూడు రోజులు లోపలున్నాను. అక్కడి సంగతులు తర్వాత ఎప్పుడైనా. బెయిల్ ఇచ్చారు గానీ కేసు తేలేదాకా భూపాలపల్లి జిల్లాలో అడుగుపెట్టకూడదు. మార్గదర్శకాలు ఉల్లంఘించిన అధికారిని తొలగించామని కంపెనీ ప్రకటించింది. ఫ్యాక్టరీ మూతపడింది. అందులో పనిచేసే మా ఊరబ్బాయి ఒకడు నిన్న దారిలో నన్ను ఆపి, "మా పొట్ట కొట్టినవక్కా" అన్నాడు. వాడు అన్నది కూడా నిజమే.

అన్న మాట్లాడడం లేదు. అమ్మ అన్నం పెడుతుంది, ఎదురుగా కూర్చోదు.

మనసు తేలికవుతుందని పుస్తకాల్లో రాస్తారు. నాకైతే ఏమీ కాలేదు. నేను చేసింది మంచో, ఆలస్యమో తెలియడం లేదు.

జనవరిలో భూపాలపల్లిలో రెండో విచారణ ఉంది. ఆ జిరాక్స్ చూసి ఎండీగారిని స్వయంగా రమ్మని నోటీసిచ్చారు. నేను వెళ్లకూడదు. నిన్ను వెళ్లమని అడగడం లేదు.

మమత


గుట్టకింది తండా
జనవరి 23

మమతక్కా,

నవంబర్ ఆరున, బడిలో విచారణ రోజు, నేను డోర్నకల్ స్టేషన్ దాకా వచ్చాను. రైలెక్కలేదు. బెంచీ మీద కూర్చుని మూడు రైళ్లు వదిలేసి ఇంటికి వెళ్లాను. ఇన్నాళ్లూ నీకు రాయలేకపోయింది అందుకే.

నిన్న భూపాలపల్లి వెళ్లాను. నోట్‌బుక్ తీసుకుని వెళ్లాను. నాయిన వెంట వస్తానన్నాడు. వద్దన్నాను. వద్దన్నా వచ్చాడు.

నన్ను ముందే పిలిచారు. మార్చి నుంచి ఆగస్టు దాకా రిజిస్టర్‌లో ఉన్న అంకె, నోట్‌బుక్‌లో ఉన్న అంకె పక్కపక్కన చదవమన్నారు. చదివాను. ముప్పై పేజీలయ్యేసరికి గొంతు ఆరిపోయింది. కమిటీ అధికారి ఆమె, యమునగారని, నీళ్లిచ్చి, "ఎవరు రాయమన్నారు?" అని అడిగారు. ఎవరూ రాయమనలేదు, ఆరు దాటాలన్నారు అంతే అన్నాను. అది జవాబో కాదో ఆమెకూ తెలిసినట్టు లేదు. నా మీద కూడా కేసు పెడతారట. పెట్టాలి కదా.

తర్వాత ఎండీగారు. నేను ఆయన్ను అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. పెద్దవాడైపోయాడక్కా. బీపీ మాత్ర వేసుకోవడానికి నీళ్లడిగాడు. చెడ్డవాడిలా కనిపిస్తాడనుకున్నాను. పెళ్లిళ్లలో కనిపించే పెద్దమనిషిలా ఉన్నాడు. ఆయన మాట్లాడుతుంటే మధ్యలో నాకు కూడా, పాపం ఈయనకేం తెలుసు అనిపించింది.

"నిరుటి ఫైలులో ప్రమాదం అని ఎక్కడా లేదు. ఎత్తు పెంచాలి అనే ఉంది. ప్రతి నెలా నాకు వచ్చిన నివేదికలో అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి. నన్నేం చేయమంటారు? నాకు ఎవరూ చెప్పలేదు" అన్నాడు. ఒక్క మాటా అబద్ధం కాదు. అంకెలు రాసింది నేనే. మెయిల్ ఆపింది నువ్వే. నేను తల వంచుకున్నాను. అంతా మన ఇద్దరి దగ్గరే ఆగిపోయిందనిపించింది.

ఊరివాళ్లలో ఎవరైనా అడగాలనుకుంటే అడగొచ్చన్నారు యమునగారు. సోమనర్సయ్య లేచాడు. ఎండీగారు ఆయన వైపు తిరిగి, "మీ ఇంటామె విషయంలో చాలా బాధపడుతున్నాను. నిజంగా నాకు ఎవరూ చెప్పలేదయ్యా" అన్నాడు. నటన అనిపించలేదు.

సోమనర్సయ్య కోపంగా కూడా లేడు. ఏదో అర్థం కాక అడుగుతున్నట్టు అడిగాడు.

"ఎవ్వలు చెప్పలే అంటున్నవు సారూ. మరి నువ్వు అడిగినవా?"

ఎండీగారు వకీలు వైపు చూశాడు. వకీలు కాగితాల్లోకి చూశాడు. గది బయట ఎవరిదో బండి స్టార్ట్ అయి వెళ్లిపోయింది.

అన్నీ రాసుకుంటున్న గుమాస్తా కొంతసేపు చూసి, "మేడం, ప్రశ్న రాసుకున్న. జవాబు ఏమని రాయాలె?" అని అడిగాడు.

యమునగారు ఇంకా కాసేపు ఎండీగారి వైపే చూశారు. "ఆయన చెప్పిందాకా కూర్చుందాం" అన్నారు.

అందరం కూర్చున్నాం.

కళ